కాయ మీది, గింజ మాది

గింజలమ్మ ఇంటికి వచ్చేటప్పుడు అల్లుడు ఏ పండైనా పట్టుకురావచ్చు గానీ పుచ్చకాయ మాత్రం తేకూడదు. ఈ సంగతి తెలియక పెళ్ళైన కొత్తల్లో ఒకసారి తెచ్చాడు పాపం. పైగా, "అత్తయ్యా, ఇందులో ఒక్క గింజ కూడా ఉండదు" అని గొప్పగా చెప్పాడు. గింజలమ్మ ఆ కాయని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గింజ లేనిదానికి ఇంత పొట్ట ఎందుకు బాబూ?" అంది. ఆమె పిల్లలు ముగ్గురూ నవ్వలేక చచ్చారు. అల్లుడు మాత్రం తనేం తప్పు చేశాడో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

ఆ రోజు అతన్ని కూర్చోబెట్టి వాళ్ళు చెప్పిన కథే ఇది. పెద్దకూతురు ఒకలా చెప్పింది. నడిపివాడు ఇంకోలా చెప్పాడు. అల్లుడి భార్య, అంటే చిన్నకూతురు, తన వంతు వచ్చేసరికి మాట మార్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గింజలమ్మ మధ్యమధ్య అడ్డుపడి అందరి తప్పులూ దిద్దింది. ఇక్కడ చెప్పేది ఆమె దిద్దిన కథే. ఆమెతో వాదించి నెగ్గినవాడు ఇంకా పుట్టలేదు మరి.

అప్పట్లో వాళ్ళుండేది బట్టల బజారు వెనక సందులో, రెండు గదుల ఇంట్లో. ముందు గదిలో భర్త కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, గుడ్డపీలికల మూట. వెనక గదిలో మిగతా సంసారమంతా. ఆయన మంచి దర్జీ. కానీ ఎండాకాలంలో ఒంటిమీదున్న బట్టే బరువనిపిస్తుంటే కొత్తది ఎవడు కుట్టించుకుంటాడు? మిషను మీద దుప్పటి కప్పేసి, గుమ్మంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ చొక్కాల కుట్లకి వంకలు పెడుతూ కాలక్షేపం చేసేవాడు. ఆ ఎండలు పోయేదాకా ఇంట్లో పొయ్యి వెలిగేలా చూడడం గింజలమ్మ పని.

ఊరి చివర ఒక విత్తనాల కంపెనీ ఉండేది. వాళ్ళు తోటలకి తోటలు పుచ్చకాయలు పండించేవారు, తినడానికి కాదు, గింజల కోసం. వాళ్ళ దృష్టిలో కాయంటే గింజకి కట్టిన పొట్లం, అంతే. మొదట్లో కంపెనీ ఆవరణలోనే తొట్లలో పోసి పిసికించేవారు. ఆ పిప్పంతా మురిక్కాలువలోకి వదిలితే కాలువ పూడుకుపోయి, ఈగలు ముసిరి, ఊరంతా గోల పెట్టింది. అధికారులు వచ్చి తొట్లు ఎత్తించేశారు. అప్పుడు కంపెనీవాళ్ళకి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. పేదవాళ్ళ సందుల్లో ఇంటింటికీ బండెడు కాయలు ఉచితంగా దింపుతారు. "కాయ మీది, గింజ మాది" అంటారు. తిన్నవాళ్ళు గింజలు ఉమ్మి, కడిగి, ఆరబెట్టి తిరిగివ్వాలి. బండికి ఒక డబ్బా నిండాలి. నిండిన డబ్బాకి వారం సరిపడా సరుకులు ఇచ్చేవారు. పిప్పి కాలువలో పారేస్తే మాత్రం ఆ ఇంటికి మళ్ళీ బండి రాదు. బండి సగం దింపమన్నా కుదరదు, మొత్తం దింపాలి, లేదా అసలు లేదు.

వినడానికి ఎంత బాగుంది. పిల్లలున్న ఇంటికి ఊరికే పుచ్చకాయలు. మొదటి వారం ఆ సందంతా పెళ్ళివారి విడిదిలా ఉండేది. గింజలమ్మ వెనక గదిలో పెద్ద పింగాణీ బేసిను పెట్టి, చుట్టూ ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టేది. మింగకూడదు, కొరకకూడదు, కింద ఉమ్మకూడదు. గింజ నాలుకతో పక్కకి తోసి బేసినులో వేయాలి. నడిపివాడు దూరం నుంచి గురి చూసి ఉమ్మేవాడు. గింజ టంగున మోగితే అందరూ చప్పట్లు కొట్టేవారు. తల్లి కూడా కొట్టేది.

రెండో వారం నుంచి చప్పట్లు ఆగిపోయాయి. పొద్దున లేస్తే పుచ్చకాయ, బడి నుంచి వస్తే పుచ్చకాయ, అన్నానికి ముందు పుచ్చకాయ, అన్నం బదులు పుచ్చకాయ. కోసినది నిలవుంటే పులిసిపోతుంది, పారేయడానికి లేదు. సందులో ప్రతి ఇంట్లోనూ అదే కాయ కాబట్టి ఎవరికీ ఇవ్వడానికీ లేదు. పాలవాడి ఆవుకి పెడితే అది నాలుగు రోజులు తిని ఐదో రోజు మొహం తిప్పుకుంది. "ఆవుకున్న స్వాతంత్ర్యం మాకు లేదు" అని దర్జీ నిట్టూర్చేవాడు. పిల్లల చొక్కాలన్నీ గులాబీరంగు మరకలు, పుస్తకాల మధ్య చీమలు. పక్కలో కూడా అదే తీపి వాసన. పిల్లలకి మొహం మొత్తిపోయింది. బేసిను చప్పుడు వింటే చాలు, పెద్దది కడుపు పట్టుకునేది.

గింజలమ్మ ఊరుకునేది కాదు. "ఇంకొక్క ముక్క" అనేది. అది తిన్నాక మళ్ళీ "ఇంకొక్క ముక్క" అనేది. బుజ్జగించేది, కథలు చెప్పేది, ఒక్కోసారి వీపు మీద ఒకటి వేసేది. డబ్బా నిండాలి కదా. నిండకపోతే వారం గడవదు కదా. ఆమె పేరు గింజలమ్మ అయింది కూడా ఆ ఏడాదే.

ఆ పిల్లలకి ఈ అలవాటు ఎంత ఒంటికి పట్టిందంటే, పెద్దది ఒకసారి స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళింది. అది మేడ ఇల్లు, బల్లలూ కుర్చీలూ, రంగు కాగితాల తోరణాలు. ఎండాకాలం కనక అక్కడా పుచ్చకాయ ముక్కలే పెట్టారు. ఈ పిల్ల ఊపిరి బిగబట్టి ఒక ముక్క తిన్నది. తరవాత ఎవరూ చెప్పకుండానే లేచి, పిల్లలందరి పళ్ళాల్లోంచీ గింజలు ఏరి, కుళాయి కింద కడిగి, రుమాల్లో మూట కట్టి, ఆ ఇంటావిడ చేతిలో పెట్టింది. "ఇవిగోనండీ మీ గింజలు, అన్నీ ఉన్నాయి" అంది. ఇంటావిడ నవ్వాపుకోలేకపోయింది. ఆ కథ మేడ దిగి సందులోకి వచ్చేసింది. కూతురు సిగ్గుతో చచ్చిపోయి తలుపు చాటుకి పోతే, గింజలమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నవ్వండి, నవ్వండి. ఉమ్మేసిన గింజని కూడా సొంతదారుకి అప్పజెప్పి వచ్చిన పిల్ల మీ ఇళ్ళల్లో ఉందా?" అని సందంతా వినేలా అడిగింది. ఎవరింట్లోనూ లేదు.

అటువంటి ఇంటి మీద దొంగతనం మోపారు.

గింజలు కొలిచే సూపర్వైజరు వారానికోసారి బండితో వచ్చేవాడు. చెవి వెనక పెన్సిలు, చంకలో కొలత డబ్బా. మనిషి పుట్టినప్పటి నుంచీ ఎవర్నీ నమ్మినట్టు కనిపించడు. ఆ రోజు గింజలమ్మ ఇచ్చిన గింజలు డబ్బాలో పోసి, పైన చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళు వెలితి.

"మిగతావి ఎవరికమ్మావమ్మా?" అన్నాడు.

"అమ్మడమేంటి బాబూ? వచ్చినవన్నీ అవే."

"అందరికీ అవే కాయలు దింపాం. నీ డబ్బా ఒక్కటే వెలితిగా ఉంది. గింజలకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళాయా? బజారులో ఈ రకం గింజ ఎవరెవరు కొంటున్నారో నాకు తెలుసు." గొంతు పెంచి సందుకంతటికీ చెప్పాడు. "దొంగ ఇంటికి బండి దింపేది లేదు."

బండి ముందుకెళ్ళిపోయింది. తలుపు వెనక నుంచి నడిపివాడు మెల్లిగా తల బయట పెట్టి, "అయితే రేపట్నుంచి పుచ్చకాయ ఉండదా అమ్మా?" అని అడిగాడు. వాడి మొహం వెలిగిపోతోంది. మర్నాడు బడిలో ఎవడో "గింజల దొంగ కొడకా" అన్నాక ఆ వెలుగు ఆరిపోయింది. పెదవి చిట్లి ఇంటికొచ్చాడు.

గింజలమ్మకి తల కొట్టేసినట్టయింది. వెలితి నిజమే, అది ఆమెకీ కనిపించింది. కానీ గింజ ఎక్కడికి పోయింది? కడిగింది తను, డాబా మీద ఆరబెట్టింది తను, పిట్టలు రాకుండా కాపలా కూర్చున్నది తను. ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. "పోనీలేవే, పెద్దవాళ్ళతో మనకెందుకు గొడవ" అన్నాడు భర్త. "నన్ను ఆకలితో పడుకోమంటే పడుకుంటాను. దొంగనిపించుకుని పడుకోను" అంది ఆమె.

ఆ మర్నాడు తిన్నగా కంపెనీకి వెళ్ళింది. రేకుల షెడ్డు కింద కాయలు కొండల్లా పోసి ఉన్నాయి. సూపర్వైజరు, తూకం వేసేవాడు, బండివాడు, కాపలావాడు, నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని టీ తాగుతున్నారు.

"మా ఇంట్లో ఒక రోజు తినేది ఒక తట్ట కాయలు" అంది గింజలమ్మ. "తట్ట కాయలకి ఎన్ని గింజలు రావాలి?"

సూపర్వైజరు బల్ల మీదున్న గ్లాసు చూపించాడు. "ఇది నిండా రావాలి."

"అయితే ఒక తట్ట మీ ముందు దింపించు. మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళూ ముగ్గురు పిల్లలూ. మీరు నలుగురు మగాళ్ళు. మేం తిన్నట్టే తినండి, పిప్పి పారేయకుండా. గ్లాసు నిండితే నేను దొంగనే. ఆ మాట మా సందులో నేనే అరిచి చెబుతాను."

సూపర్వైజరు పకపకా నవ్వాడు. "ఇంత ఎండలో పుచ్చకాయ తినమంటే ఎవడు కాదంటాడమ్మా? కొయ్యి."

ఆమె కోసింది. మొదటి కాయ నవ్వుల్లో అయిపోయింది. బండివాడు ముక్క ముక్కకీ "అమృతం" అన్నాడు. రెండో కాయకి మాటలు తగ్గాయి. మూడోదానికి తూకంవాడు బెల్టు వదులు చేసుకున్నాడు. బండివాడు షెడ్డు వెనక్కి వెళ్ళి రావడం మొదలుపెట్టాడు, వచ్చినప్పుడల్లా కాస్త ఆలస్యంగా వచ్చాడు. తట్ట మాత్రం సగమైనా కాలేదు. తూకంవాడు ఎర్రటి ముక్క పట్టుకుని శత్రువుని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకొక్క ముక్క" అంది గింజలమ్మ. ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే ఆమె విన్నది. ఇంట్లో చిన్నపిల్లతో అనే మాట అది, అదే గొంతుతో.

కాపలావాడు వయసు మళ్ళినవాడు, నోరు లేనివాడు. పాపం గబగబా తిని బయటపడదామని చూస్తున్నాడు. అతను ముక్క నోట్లో పెట్టుకున్నాడు, గొంతు కదిలింది, గ్లాసులో మాత్రం ఏమీ పడలేదు. గింజలమ్మ కత్తి కింద పెట్టింది.

"గింజలేవి పెద్దాయనా?"

"మింగేశాను తల్లీ" అన్నాడు అతను తల దించుకుని. "నాలుక పుండైపోయింది. పక్కకి తొయ్యలేకపోతున్నా. మింగితే తొందరగా అయిపోతుంది కదా అని."

గింజలమ్మకి గత వారమంతా చిన్నది కిక్కురుమనకుండా, తల ఎత్తకుండా, అందరికంటే ముందు తినేసి లేచిపోవడం గుర్తొచ్చింది. ఎంత బుద్ధిమంతురాలో అని తను మురిసిపోయింది కూడా. పిల్లకి ఇంకా పాలపళ్ళు పోలేదు. గింజలమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మనుషుల ముందు వాటిని కారనివ్వలేదు.

తట్ట ఖాళీ అయ్యేసరికి సాయంత్రమైంది. గ్లాసు మూడొంతులు కూడా నిండలేదు. సూపర్వైజరు దాన్ని వెలుతుర్లో పెట్టి చూశాడు, బల్ల మీద తట్టి చూశాడు. ఎన్నిసార్లు తట్టినా గింజలు పెరగవు కదా.

"ఇవి ఎవరికమ్మావు బాబూ?" అని అడిగింది గింజలమ్మ.

అతను గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"గింజ ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసిందిగా? మీవాళ్ళ కడుపుల్లోకి పోయింది. నా బిడ్డ కడుపులోకీ పోయింది. పుట్టినరోజు ఇంట్లో గింజలు కూడా ఏరి ఇచ్చి వచ్చిన పిల్లలు నా పిల్లలు. వాళ్ళకి తినబుద్ధి కాక, తినక తప్పక, మింగారు. అది దొంగతనమైతే వాళ్ళని కోసి చూసుకో. ముందు నిన్ను నువ్వు కోసుకుని చూసుకో."

"సరేనమ్మా" అన్నాడు సూపర్వైజరు పొట్ట పట్టుకుని. "అయిందేదో అయింది. రేపు బండి పంపిస్తాలే, వెళ్ళు."

"బండి కోసం రాలేదు. సందులో అన్నావు, సందులోనే కాదని చెప్పు."

"నాకు పరువుండొద్దా?"

"నాకుండబట్టే ఇంత దూరం వచ్చాను" అని కొంగు దులుపుకుని వచ్చేసింది.

ఇంటికి రాగానే చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోరు తెరవమంది. నాలుక అంచులు పగిలి ఎర్రగా ఉన్నాయి. "కొట్టకమ్మా" అంది పిల్ల. "నేను కావాలని మింగలేదు. మొదట కొన్నే మింగాను. తర్వాత అన్నీ లోపలికే పోయేవి." గింజలమ్మ కొట్టలేదు. కాస్త వెన్న తెచ్చి నాలుకకి రాసింది. ఆమెకి సూపర్వైజరు మీద ఎంత కోపముందో తన మీద అంత కోపం వచ్చింది. వాడు తన పిల్లల నోళ్ళని పనిముట్లుగా లెక్కేసుకున్నాడు సరే, వాడికి వాళ్ళు ఏమవుతారు? తల్లి అయ్యుండి తనూ అదే చేసింది కదా.

మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది. సూపర్వైజరు రాలేదు, బండివాడొక్కడే వచ్చాడు. అతను గుమ్మం ముందు కాయలు దింపబోతే గింజలమ్మ అడ్డంగా కూర్చుంది.

"దింపకు. నిన్ను పంపినవాణ్ణి రమ్మను."

"నాదేముంది అక్కా, పంపిస్తే వచ్చాను" అన్నాడు బండివాడు. నిన్నటి తిండికి అతని మొహం ఇంకా పీక్కుపోయే ఉంది. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గొప్పగా పంపేసింది గానీ, ఆ వారం ఆ ఇంట్లో కటకటే. దర్జీ మిషను మీద దుప్పటి తీసేసి, పీలికలన్నీ జోడించి దిండుగలీబులు కుట్టాడు. భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. సరిగ్గా అమ్మలేడు ఆయన, బేరమాడేవాళ్ళ చొక్కా కుట్టు బాగాలేదని చెప్పి వాళ్ళని పోగొట్టుకునేవాడు. చారెడు బియ్యంతో అయిదుగురికీ గంజి కాచిన రోజున నడిపివాడు, "ఒక్క కాయ తీసుకుని ఉండాల్సింది అమ్మా" అన్నాడు. పుచ్చకాయ పేరెత్తితే వాంతి చేసుకునే పిల్లవాడు అన్నాడా మాట. గింజలమ్మ తన గంజి కూడా వాడి గిన్నెలో పోసింది. అయినా మాట మార్చుకోలేదు.

మూడో రోజు పక్కింటి వదిన గోడ మీంచి పిలిచింది. "పోయిన నెల నా డబ్బా కూడా వెలితి అన్నాడు వదినా. నేను భయపడి, మా ఇంటి రాగిబిందె ఇచ్చి నోరు మూయించాను. ఎవరికీ చెప్పుకోలేదు." చెప్పి ఏడ్చింది. వారం తిరిగి తన గుమ్మం ముందుకొచ్చిన బండిని ఆవిడా తిప్పి పంపింది. ఎదురింటివాళ్ళూ పంపారు. చివరింటి ముసలాయన, పళ్ళు లేవు, వినిపించదు, ఏం జరుగుతోందో సగమే తెలుసు, ఆయన కూడా కర్ర అడ్డం పెట్టాడు. పక్క సందుకి కబురు వెళ్ళింది. కంపెనీ షెడ్డులో కాయలు పేరుకుపోయాయి. ఎండకి ఒక్కొక్కటే పగలడం మొదలెట్టాయి. పిసకడానికి తొట్లు లేవు, తినడానికి నోళ్ళు లేవు. ఊరికే పెడుతున్నామని అన్నాళ్ళూ విర్రవీగినవాళ్ళకి, ఎవరు ఎవరికి పెడుతున్నారో అప్పుడు తెలిసొచ్చింది.

సూపర్వైజరు వచ్చాడు. చెవి వెనక పెన్సిలు లేదు. గింజలమ్మ గుమ్మం ముందు నిలబడి గొణిగాడు. "ఈవిడ దొంగ కాదు."

"పెద్దగా చెప్పు" అంది గింజలమ్మ. "చివరింటి తాతగారికి చెవుడు."

అతను చుట్టూ చూశాడు. గుమ్మాల్లో అందరూ ఉన్నారు, బడికి బయల్దేరిన పిల్లలతో సహా. "ఈవిడ దొంగ కాదు" అని అరిచాడు. "నేనే తప్పు మాట్లాడాను." నడిపివాడు పుస్తకాల సంచీ కింద పెట్టేసి, నోరు తెరుచుకుని విన్నాడు.

"బండి దింపించమంటావా మరి?" అన్నాడు సూపర్వైజరు.

"బండి వద్దు. ఒక్క తట్ట దింపు. మా పిల్లలు ఇష్టంగా తిన్నంతే తింటారు. వాళ్ళు వద్దంటే ఆ తట్ట కూడా వద్దు. గింజలు ఎన్ని వస్తే అన్ని ఇస్తాను. నిండు డబ్బా కావాలంటే నువ్వు కూర్చుని తిను."

సందులో తక్కినవాళ్ళు కూడా తట్టే అడిగారు. అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఆ సాయంత్రం గింజలమ్మ ఒక కాయ కోసి, ముక్కలు పళ్ళెంలో సర్దింది. పిల్లలు ముగ్గురూ అలవాటుగా వచ్చి, అలవాటుగా బేసిను చుట్టూ తలలు వంచుకుని కూర్చున్నారు.

"తినాలనుంటే తినండి. లేకపోతే లేచి వెళ్ళి ఆడుకోండి" అంది.

ఎవరూ కదల్లేదు. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నారు. చివరికి చిన్నది తల్లి మొహంలోకి చూసి, "నిజంగానా?" అని అడిగింది.

"నిజంగానే."

చిన్నది లేచింది. గుమ్మం దాకా మెల్లిగా నడిచి, అక్కడి నుంచి పరుగెత్తింది. దాని వెనకే నడిపివాడు, వాడి వెనకే పెద్దది. పళ్ళెంలో ముక్కలు ఎర్రగా, నిండుగా, ఎవరూ ముట్టకుండా ఉన్నాయి. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో తిండి మిగలడం గింజలమ్మ అదే మొదటిసారి చూసింది. వాటి నిండా కంపెనీవాళ్ళ గింజలున్నాయి. ఉంటే ఉండనీ అనుకుని, గుమ్మంలోకి వెళ్ళి, పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ కూర్చుంది.